కూలిన తోటలో అబ్‌స్టకిల్ కోర్సు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శి గారు ఫోను చేసి "సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి" అన్నప్పుడు నేను ముందు వద్దన్నాను. నేను ఇంటర్‌తో చదువు ఆపి 1987లో భర్తీ అయినవాణ్ణి. ముప్పై ఏళ్ళు తాళ్ళు, దుంగలు, వంతెనలు, మైన్లు తప్ప వేరే విద్య నాకు రాదు. "అదే చెప్పండి సాబ్, మీ తోటలో ఏదో అబ్‌స్టకిల్ కోర్సు కట్టారట కదా" అన్నారు. మీకు నవ్వు రావచ్చు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ పేరు వింటేనే మనలో సగం మందికి కడుపులో తిప్పేది. పింఛనుకు వచ్చాక సొంత డబ్బు పెట్టి దాన్ని కట్టుకున్న పిచ్చివాడు ఎవడా అని తమ్ముళ్ళు అటూ ఇటూ చూస్తున్నారు. ఆ పిచ్చివాణ్ణి నేనే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అటు సముద్రం, ఇటు కొబ్బరి, జీడి తోటలు. నేల ఇసుక నేల. ఇంటికొకడు కాకపోయినా వీధికి నలుగురైదుగురు ఫౌజులో ఉన్నవాళ్ళే. నేను మద్రాస్ సాపర్ని. బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన మా ఎం.ఇ.జి. సెంటర్‌లో రంగరూటుగా చేరి, 2017లో సుబేదారుగా ఇంటికి వచ్చాను. మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. మా నాన్న వేసిన చెట్లు. నేను ఊరూరూ తిరుగుతుంటే ఆ తోటను మా తమ్ముడే చూసుకున్నాడు. నేను వచ్చేసరికి 120 చెట్లు కాపులో ఉన్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి అని తర్వాత చెప్పారు. ఆ లెక్క ఆ రాత్రి ఎవరికి కావాలి? సియాచిన్ దారిలో గాలి చూశాను, రాజస్థాన్‌లో ఇసుక తుపాను చూశాను. కానీ మన ఇంటి చుట్టూ మన చెట్లు ఒకటొకటిగా పడుతున్న చప్పుడు వింటూ కూర్చోవడం వేరు. తెల్లారి చూస్తే 120 చెట్లలో నిలబడినవి 31. మిగతావన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి, ఎవరో ఫాలిన్ చేయించి పడుకోమన్నట్టు.

కొబ్బరి చెట్టు సంగతి మీలో తోటలున్నవాళ్ళకు తెలుసు. ఈ రోజు మొక్క పెడితే మా నాటు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. యాభై దాటిన రైతుకు ఆరేడేళ్ళంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మా తమ్ముడు తోటలోకి వెళ్ళడం మానేశాడు. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసేవాడు. నష్టపరిహారం లెక్కలు రాసేవాళ్ళు వచ్చినప్పుడు కూడా నన్నే పంపాడు.

చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ ఎక్స్-సర్వీస్‌మెన్ పదకొండు మందిమి కలిసి ముందు రోడ్ల మీద చెట్లు నరికి దారి చేశాం, తర్వాత ఒకరి తోట ఒకరం శుభ్రం చేసుకున్నాం. డిసెంబరు వచ్చినా మా తోటలో దుంగలు అలాగే ఉన్నాయి. కొనేవాడు లేడు. ఊరంతా దుంగలే అయితే ఎవడు కొంటాడు? ఒకరోజు సాయంత్రం తోటలో పిల్లల కేకలు వినిపించాయి. వెళ్ళి చూద్దును కదా, పదిమంది గుంటలు ఆ పడిన చెట్ల మీద వరసగా నడుస్తున్నారు, ఒక దుంగ మీంచి ఇంకో దుంగ మీదికి దూకుతున్నారు, మొవ్వు మట్టల కింద నుంచి పాకి అటు తేలుతున్నారు. పెద్దవాళ్ళం ఏడ్చిన చోట పిల్లలు రెండు నెలల నుంచి ఆడుతున్నారన్నమాట. నాకప్పుడు అనిపించింది, ఇది మన పి.టి. గ్రౌండే కదా అని.

ఆ రాత్రే మిత్రులకు ఫోన్లు చేశాను. ఒక్కొక్కడూ ఒక్కో రకంగా తిట్టాడు. "ఏట్రా ఇది, ఈ వయసులో మనకి రగడా అవసరమేటి?" అన్నాడొకడు. అయినా అందరూ వచ్చారు. సంక్రాంతికి పిల్లలూ అల్లుళ్ళూ వస్తారు, కనుమ నాడు అందరికీ సరదాగా ఉంటుంది అని చెప్పి ఒప్పించాను.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెబుతాను. ఈ విద్యకు మూలపురుషుల్లో ఒకడుగా చెప్పే మనిషి జార్జ్ ఎబేర్ అని ఒక ఫ్రెంచి నౌకాదళ అధికారి. 1902లో మార్టినీక్ దీవిలో పెలే అగ్నిపర్వతం బద్దలై ఒక పట్టణం మొత్తం పోయినప్పుడు జనాన్ని బయటికి చేర్చే పనిలో ఆయన ఉన్నాడు. తర్వాత నడక, పరుగు, పాకడం, ఎక్కడం, మోయడం, తూకం నిలుపుకోవడం వీటినే వ్యాయామంగా పెట్టి నావికులకు నేర్పాడు. పక్కవాడికి పనికిరావడానికే బలం అన్నది ఆయన ఉద్దేశం. అది పోనుపోనూ సైన్యాల్లో గడియారం పట్టుకుని చేసే పరీక్ష అయింది. ప్రపంచ సైనిక క్రీడల సంఘం వాళ్ళ పోటీల్లో 500 మీటర్లలో 20 అడ్డంకులు దాటాలి. మన బి.పి.ఇ.టి.లో నిలువు తాడు, అడ్డ తాడు, 9 అడుగుల డిచ్ ఎవరూ మర్చిపోరు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో కూడా మోడరన్ పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ తీసేసి 2028 లాస్ ఏంజిలస్ నుంచి అబ్‌స్టకిల్స్ పెడుతున్నారు. కోడి రామ్మూర్తి గారు పుట్టిన ఉత్తరాంధ్ర వాళ్ళం, మనకు ఈ సాముగరిడీలు కొత్తా అని నేను మావాళ్ళతో గొప్పలు కూడా పోయాను.

ఆ గొప్పే నా కొంప ముంచింది. అది చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మొదటిసారి నేను కట్టింది మిత్రుల కోసం కాదు. నా కోసం. సుబేదార్ సాబ్ ఏం కట్టాడురా అని ఊరు అనుకోవాలి. అందుకని సెంటర్‌లో చూసినవన్నీ దించాను. దుంగలతో 6 అడుగుల గోడ, కొలిచి తవ్విన 9 అడుగుల డిచ్, నిలబడి ఉన్న రెండు కొబ్బరి చెట్ల మధ్య 7 అడుగుల ఎత్తున అడ్డ తాడు. ఆ తాడును నలుగురం పట్టి వీణ తీగలాగా బిగించాం. చూడ్డానికి ఎంత అందంగా ఉందో!

సాపర్ తమ్ముళ్ళు ఇక్కడుంటే వాళ్ళకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. మిగతావాళ్ళకు చెబుతాను. తాడు ఎంత బిగిస్తే దాన్ని కట్టిన చెట్టు మీద లాగుడు అంత పెరుగుతుంది. చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 అడుగులుందనుకోండి. 70 కిలోల మనిషి మధ్యలో వేలాడినప్పుడు తాడు ఒక్క అడుగే కిందికి దిగితే ఒక్కో వైపు సుమారు 350 కిలోల లాగుడు పడుతుంది. అదే తాడును మూడు అడుగులు దిగేలా వదులుగా కడితే 120 కిలోల దగ్గర ఆగుతుంది. మనిషి అదే మనిషి, తాడు అదే తాడు. ఈ లెక్క నేను ఎన్ని బ్యాచ్‌ల రంగరూట్లకు బ్లాక్‌బోర్డు మీద రాసి చెప్పానో! దానికి తోడు ఆ రెండు చెట్లలో ఒకటి తుపానుకు గాలివాటు వైపు వేళ్ళు సడలి ఉంది. పైకి నిటారుగానే ఉంది. మొదట్లో ఇసుక పగిలి, మళ్ళీ వానకు పూడుకుపోయింది. పార పెట్టి ఒక జానెడు తవ్వి చూస్తే తెలిసేది. చూడలేదు.

2019 కనుమ. ఊరంతా వచ్చింది. మా బావ, అంటే మా చెల్లెలి భర్త, ఆర్టిలరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు, "బావా, నేను ముందు" అని తాడు పట్టుకున్నాడు. సగం దూరం వెళ్ళాడు. చెట్టు కూలలేదు, కొంచెం వంగింది అంతే. తాడు ఒక్కసారి జారినట్టు దిగింది. చేతులు ఊడి వెనక్కి పడ్డాడు, పడుతూ చెయ్యి ఆన్చాడు. మణికట్టు విరిగింది. అదృష్టం ఏమిటంటే కింద ఇసుక. రెండు అడుగులు ఇటు పడి ఉంటే నరికిన మోడు ఉంది. ఆ మోడును నేను ఇప్పటికీ కలలో చూస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా చెల్లెలు నన్ను కేకలేయలేదు. అన్నం వడ్డిస్తూ ఒకటే మాట అంది. "అన్నియ్యా, ఇరవై నాలుగేళ్ళు బోర్డర్లో ఉండి ఏలు కూడా తెగకుండా ఇంటికొచ్చినాడు. నీ తోటలో ఇరగ్గొట్టేవు."

నేను ఆ అన్నం తినలేకపోయాను. మర్నాడే గొడ్డలి పట్టుకుని వెళ్ళి ఆ గోడ, ఆ తాడు అన్నీ కొట్టేశాను. ఇక దాని జోలికి వెళ్ళదల్చుకోలేదు. నన్ను మళ్ళీ అందులోకి దింపింది బావే. సిమెంటు కట్టు కట్టిన చేత్తోనే పది రోజుల తర్వాత వచ్చి, "కట్టడం వచ్చినవాడివి మళ్ళీ కట్టాలి గానీ కొట్టేయడం ఏటి బావా? ఈసారి మా అందరినీ అడిగి కట్టు" అన్నాడు. అడిగి కట్టడం. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు ఎవరూ చెప్పని మాట. అక్కడ నమూనా పైనుంచి వస్తుంది, మనం కడతాం, జవాను దాటతాడు. దాటలేనివాణ్ణి వెనక్కి పంపుతారు. ఇక్కడ వెనక్కి పంపడానికి ఎవరున్నారు? అందరూ మనవాళ్ళే.

సరే, అడిగాను. ఒకడికి మోకాళ్ళు అరిగిపోయాయి, దూకలేడు. ఒకడికి షుగరు, అరికాలికి స్పర్శ లేదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఇద్దరికి బి.పి., తల కిందికి పెట్టి పాకితే కళ్ళు తిరుగుతాయి. ఆడవాళ్ళు చీరలతో వస్తారు. పిల్లల్లో ఆరేళ్ళ వాళ్ళున్నారు. ఇంకా నా చిన్ననాటి స్నేహితుడు ఒకడున్నాడు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. వాడు 2017 నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళివస్తున్నాడు. మొదటి కనుమకు వాడికి ఈల, స్టాప్ వాచ్ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. గౌరవం చేశామనుకున్నాం. ఈసారి అడిగితే, "నన్ను కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టినావు? నాకూ ఒకటి కట్టు" అన్నాడు.

అక్కడి నుంచి మేము పెట్టుకున్న పద్ధతులు చెబుతాను. మీలో ఎవరికైనా స్థలం ఉండి, ఇలాంటి సరదా ఉంటే పనికొస్తాయి.

అన్నిటికన్నా ముందు ఎత్తు. ఎవరి పాదమూ నేల నుంచి మూడు అడుగుల పైకి వెళ్ళకూడదు. తలకిందులు కావడం, తల ముందు పెట్టి దూకడం అసలే లేదు. సరదా ఎత్తులో ఉండదు, తడబాటులో ఉంటుంది. అడుగు ఎత్తున ఉన్న దుంగ మీద నడుస్తూ ఊగిపోయే మామగారిని చూసి అల్లుడు నవ్వినంతగా ఆరడుగుల గోడ ఎక్కినవాణ్ణి చూసి ఎవడూ నవ్వడు. ప్రతి అడ్డంకి చుట్టూ ఆరేడు అడుగుల మేర ఇసుకను మోకాలి లోతు తవ్వి, మోడులు, వేళ్ళు, పెంకులు, సీసా ముక్కలు ఏరి, మళ్ళీ వదులుగా పోశాం. వాడేముందు ప్రతిసారీ పారతో తిరగేయాలి, లేకపోతే గట్టిపడిపోతుంది. ఇసుక లేని ఊళ్ళవాళ్ళు ఎండుగడ్డి, వరి ఊక వేసుకోవచ్చు గానీ మందంగా వేయాలి.

ఇక కొబ్బరి దుంగ. చూడ్డానికి బాగుంటుంది కానీ దాని పైచెక్క పీచులు సూదుల్లాగా లేస్తాయి. అరచేతిలో దిగితే తియ్యడం కష్టం. బాడిసతో పైన చెక్కి, గరుకు కాగితంతో రుద్దిన తర్వాతే వాడాం. గుండ్రటి దుంగ దొర్లుతుంది కాబట్టి రెండు చివర్లా గాడి తవ్వి సగం పాతి, ఇటూ అటూ మేకులు దిగ్గొట్టాలి. ఇంకొకటి, ఇది రైతుల కోసం. పడిన కొబ్బరి దుంగ కుళ్ళితే అందులో కొమ్ము పురుగు పెరుగుతుంది, అది కొత్త మొక్కల మొవ్వు తినేస్తుంది. మేము ఆట పేరు చెప్పి దుంగలన్నీ ఉంచేసుకుంటే తమ్ముడు పెట్టబోయే మొక్కలకు మేమే శత్రువులమవుతాం. అందుకని పద్దెనిమిది మంచి దుంగలు ఏరుకుని మిగతావి బయటికి తరలించాం. ఆ పద్దెనిమిది కూడా రెండో ఏటికి మెత్తబడ్డాయి. తీసి కాల్చేసి సరుగుడు కర్రలు వేశాం. ఇప్పుడున్న కోర్సులో ఆనాటి కొబ్బరి దుంగ ఒక్కటీ లేదు.

తాళ్ళన్నీ కొబ్బరి పీచు తాళ్ళే, మా ఊళ్ళో నేసినవే. నైలాను తాడుకు బలం ఎక్కువే గానీ సాగుతుంది, చెయ్యి జారితే అరచెయ్యి కాలుతుంది. పీచు తాడు గుచ్చుకుంటుంది కానీ పట్టు ఇస్తుంది. దాని బలం తక్కువ కాబట్టి బొటనవేలు రెండింతల లావు వాడాలి, వాన తగిలితే మార్చెయ్యాలి. కర్రల కట్లు అన్నీ స్క్వేర్ లాషింగ్. క్లోవ్ హిచ్‌తో మొదలుపెట్టి, చుట్టూ మూడు చుట్లు, మధ్యలో బిగింపు చుట్లు రెండు, మళ్ళీ క్లోవ్ హిచ్. మేకు కొట్టి కట్టినది ఊగుతూ ఊగుతూ ఊడుతుంది, కట్టు కట్టినది ఊగి మళ్ళీ నిలబడుతుంది. చెట్టుకు కట్టడం మాత్రం మానేశాం. ఇసుకలో ఊరికే మేకు కూడా నిలవదు. నాలుగు అడుగుల లోతున దుంగను అడ్డంగా పాతి, దానికి కట్టిన తాడును పైకి తెచ్చాం. ఒక మనిషి వాడే చోట ముగ్గురం వేలాడి చూసిన తర్వాతే పిల్లలను రానిచ్చాం. ఆ ముగ్గురిలో ఒకణ్ణి ప్రతిసారీ నేనే.

ఇప్పుడు మా కోర్సులో నడిచి చూద్దాం, మొత్తం 150 మీటర్లు ఉంటుంది. మొదట ట్రాక్టరు టైర్లు, కాళ్ళు ఎత్తి ఎత్తి వేయాలి. టైర్లకు అడుగున బెజ్జాలు పెట్టాం, నీళ్ళు నిలిస్తే దోమలు. పొద్దున్నే కర్రతో కొట్టి చూడాలి, మా వైపు పాములకు టైరు లోపలంటే అత్తవారిల్లు. తర్వాత పాకుడు. మనకైతే ముళ్ళతీగ కింద. ఇక్కడ నూలు తాళ్ళు కట్టి, వాటికి మా తమ్ముడు ఎడ్ల గజ్జెలు వేలాడగట్టాడు. వీపు తగిలితే ఘల్లుమంటుంది. ఊరంతా గొల్లుమంటుంది. ఎవరో చేపల వల తెచ్చి కడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. సన్నని వలలో వేలు, మెడ చిక్కుకుంటే పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది.

డిచ్ గురించి బాగా ఆలోచించాం. ఒకడికి 9 అడుగులు కావాలి, ఒకడు 3 అడుగులే దాటగలడు. మూడు డిచ్‌లు తవ్వే స్థలం లేదు. మా బావ ఇసుక మీద పుల్లతో గీసి చూపించాడు: గొయ్యిని ముక్కు ఆకారంలో తవ్వు, ఒక కొస 3 అడుగులు, ఇంకో కొస 9 అడుగులు, ఎవడి దమ్ము ఎక్కడుంటే వాడు అక్కడ దూకుతాడు. ఇంత సులువైన సంగతి నాకు ముప్పై ఏళ్ళలో తట్టలేదు. లోతు మోకాలి దాకానే. ఇసుక అంచు జారకుండా దుంగ ముక్కలు లోపలి వైపు నిలబెట్టి, వాటి తల అంచుకు అరడుగు కిందే ఉండేలా చూసుకున్నాం. తొలి ఏడు 4 అడుగుల దగ్గర దూకిన కుర్రాడు మూడో ఏడు 9 దగ్గర దూకాడు. 2022లో అగ్నిపథ్ వచ్చిన తర్వాత ర్యాలీలకు తయారయ్యే పిల్లలు ఈ గొయ్యి దగ్గరే పొద్దున అయిదింటికి వాలుతున్నారు. వాళ్ళకు 9 అడుగుల డిచ్, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ తప్పనిసరి. బీముకు పుల్లప్పుల కోసం వాళ్ళే ఒక ఇనప కడ్డీ పెట్టుకున్నారు. దాన్ని మాత్రం కోర్సుకు దూరంగా పెట్టించాను, చేతులు అలిసిపోయినవాడు వెంటనే తాడు పట్టుకోకూడదు.

అడ్డంకికీ అడ్డంకికీ మధ్య పదిహేను అడుగులైనా వదలండి, వెనకవాడు ముందువాడి మీద పడకుండా. అందరూ ఒకే దిక్కుకు వెళ్ళాలి. ఎండ ఎక్కకముందే, ఏడు నుంచి తొమ్మిది లోపు ముగించాలి.

ఇక పక్కదారి. ప్రతి అడ్డంకి పక్కన ఒక నడకదారి వదిలాం. చేయలేనివాళ్ళు, చేయడం ఇష్టంలేనివాళ్ళు అటు నుంచి వెళ్ళవచ్చు. ఫౌజులో అయితే చేయనివాడికి బైఠకీలు, ఫ్రంట్ రోల్. ఇక్కడ ఏం పెట్టాలి? ఊరికే వదిలేస్తే పక్కదారి పట్టినవాడికి చిన్నతనం. అప్పుడు మా తమ్ముడు, అప్పటిదాకా మాట్లాడనివాడు, "నీళ్ళు మొయ్యమనండి" అన్నాడు. కోర్సు పొడుగునా కొత్త కొబ్బరి మొక్కలు పెట్టాడు. పక్కదారిన వెళ్ళేవాళ్ళు బిందెడు నీళ్ళు ఒక మొక్కకు పోసి ముందుకు వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పి ఆయన తొలి ఏడు అయిదు మొక్కలకు పోశాడు. ఆడవాళ్ళయితే పాకుడు దగ్గర వరసగా బిందెలు ఎత్తుకుని, అటు నవ్వుతూ ఇటు నవ్వుతూ వెళ్ళారు. కొందరు అడ్డంకీ దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి నీళ్ళూ పోశారు.

పరుగు జంటలుగా. ఫౌజీకి జంటగా ఫౌజీ కాని మనిషి. ఇద్దరిలో వెనకబడినవాడు గీత దాటినప్పుడే వాచ్ ఆపుతాం. అందుకని ముందువాడు పరిగెత్తి లాభం లేదు, ఆగి చెయ్యి ఇవ్వాలి.

మా స్నేహితుడికి కట్టింది నేల నుంచి అరడుగు ఎత్తున ఉన్న వెడల్పు దుంగ, 20 అడుగుల పొడుగు, పక్కన చెయ్యి ఆన్చడానికి తాడు. ఆ తాడు కుడి వైపే ఉంది. ఎందుకంటే వాడి ఎడమ చేతికి డయాలసిస్ కోసం ఫిస్టులా ఉంది. ఆ చెయ్యి ఎవరూ గట్టిగా పట్టుకోకూడదు, దాని మీద బరువు పడకూడదు. ఈ సంగతి వాళ్ళ డాక్టరు గారిని అడిగి, నడవవచ్చా లేదా కూడా అడిగిన తర్వాతే కట్టాను. డయాలసిస్ మర్నాడు నీరసం ఉంటుంది, ఆ రోజు వద్దన్నారు. కనుమకు ఒకరోజు అటూ ఇటూ చూసుకుని వచ్చాడు. నేను జంట. అడుగులో అడుగు వేస్తూ 20 అడుగులు నడిచాడు. మధ్యలో ఒకసారి ఆగాడు. ఊరంతా నిశ్శబ్దం. నేను చెయ్యి చాపబోతే "నువ్వు ఉండెహె" అన్నాడు. చివరికి చేరి దిగి, తన మెళ్ళో ఉన్న ఈల తనే ఊదుకున్నాడు.

తర్వాత అందరికీ కొబ్బరి బొండాలు కొట్టాం, నిలబడిన ఆ 31 చెట్లవే. వాడికి ఇవ్వలేదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, వాడికి పడకూడదు. కొబ్బరి తోటలో పుట్టి పెరిగినవాడు మా చేతుల్లో బొండాలు చూస్తూ కూర్చున్నాడు. మా తమ్ముడు ఒక్కడే తాగకుండా వాడి పక్కన కూర్చున్నాడు. అప్పటి నుంచి మా కనుమలో బొండాలు తోటలో కొట్టడం లేదు, ఇళ్ళకు వెళ్ళాకే.

కరోనా వల్ల 2021లో జరగలేదు. మిగతా అన్ని ఏళ్ళూ జరిగింది. బావ మణికట్టు వాన పడేముందు ఇప్పటికీ లాగుతుందట. "తుపాను వస్తే రేడియో కంటే ముందు నాకే తెలుస్తుంది, నీ పుణ్యమే బావా" అంటాడు. పోయిన నెలలో కొత్త తాడు కట్టేటప్పుడు మూడో మనిషిగా వచ్చి వేలాడినవాడు ఆయనే.

తమ్ముడు పెట్టిన మొక్కల్లో పక్కదారి వెంట ఉన్నవి తొందరగా ఎదిగాయి, నీళ్ళు ఎక్కువ పడ్డాయి కదా. వాటిలో నాలుగు పొత్తులు వేశాయి. స్నేహితుడు డయాలసిస్‌కు వెళ్ళివస్తున్నాడు, ఈ కనుమకు వాడి దుంగను ఇంకో అయిదు అడుగులు పొడిగించమన్నాడు. పొడిగించాలి.

ఈ సభలో ఉన్నవాళ్ళు ఎవరైనా సంక్రాంతికి మా వైపు వస్తే కనుమ నాడు పొద్దున ఏడింటికి తోటలో ఫాలిన్. బూట్లు అక్కర్లేదు, షుగరు ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా వేసుకురండి. బిందెలు మా దగ్గరున్నాయి.

జైహింద్.